మంచి ప్రాసెసరు ఏది? – చరిత్ర నేర్పిన పాఠములు

సికిందరాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు కంప్యూటరు విడిభాగముల అంగళ్లకు పేరుపొందినది. అచ్చట అడుగుపెట్టిన వానిని దుకాణదారు మొదట అడుగు ప్రశ్న ఒకటే: "ఏ ప్రాసెసరు కావాలి సార్?" కొన్ని సంవత్సరముల క్రిందట మా కళాశాల ప్రయోగశాలకు ఇరువది కంప్యూటర్లు కొనవలసి వచ్చినపుడు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పు భారము నాపై పడినది. నేను భౌతికశాస్త్రము బోధించువాడను. అయినను ఆనాడు నేను చేసినదెల్ల పెట్టెపై పెద్ద అంకె ఏదో చూచి దానినే ఎంచుకొనుట. ఆ అంకెకే సొమ్ములో చాలభాగము పోయినది. మెమరీకి, విద్యుత్తునందించు పవర్ సప్లైకి, వేడిని తొలగించు పంకాకు మిగిలినది స్వల్పము. మొదటి వేసవిలోనే పాఠము నడుమ యంత్రములు ఒకదాని వెనుక ఒకటి ఆగిపోసాగెను. అంగడివానిది తప్పు కాదు. అడుగవలసిన ప్రశ్నలు నేను అడుగలేదు.

పాఠశాలలకు కంప్యూటర్లు కొను ఉపాధ్యాయులకు ఇట్టి చిక్కు తరచుగ ఎదురగును. ఉన్న సొమ్ము కొంచెము. ఒకసారి కొన్న యంత్రము ఆరేడు సంవత్సరములు పిల్లలకు పనికిరావలెను. నమ్మదగినది, పెట్టిన సొమ్ముకు గిట్టుబాటైనది అగు ప్రాసెసరును గుర్తించుట ఎట్లు? ఏ సంవత్సరమునకు ఆ సంవత్సరము పేర్లు మారిపోవును కావున పేర్ల జాబితా మనకు ఎక్కువకాలము ఉపకరింపదు. కాని ప్రాసెసర్ల చరిత్రను పరిశీలించినచో మారని సూత్రములు కొన్ని కనబడును. వానిని క్రమముగ తెలిసికొందము.

మన ముంగిట మొదలైన కథ

కంప్యూటరులో ఆజ్ఞలను ఒక్కొక్కటిగా చదివి, కూడికలు, తీసివేతలు, పోలికలు చేసి, ఫలితమును మెమరీకి పంపు భాగమునకే ప్రాసెసరు అని పేరు. నేడది గోరంత సిలికాన్ ముక్క. పూర్వమట్లు కాదు.

సికిందరాబాదునుండి మౌలాలి దాటి వెళ్లినచో ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా వచ్చును. ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ అను ప్రభుత్వసంస్థ 1967 ఏప్రిల్ 11న అణుశక్తిశాఖ క్రింద ఏర్పడినది. దానిని తీర్చిదిద్దినవారు డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామమున 1914లో జన్మించిన వీరి పేరనే ఆ ప్రాంతమున ఏ.ఎస్. రావు నగర్ వెలసినది. ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12 అను కంప్యూటరు 1969లో వెలువడినది. అటుపిమ్మట ఈ వంశపు యంత్రములు ఇ.సి.ఐ.ఎల్.లో తయారైనవి. టి.డి.సి. అనగా ట్రాంబే డిజిటల్ కంప్యూటరు. 12 అను అంకె అది ఒక్కసారి 12 బిట్ల సంఖ్యను పట్టుకొనగలదని తెలుపును. అనగా 2ను 12 మార్లు హెచ్చించగా వచ్చు 4,096 వేర్వేరు విలువలు. 1975లో 16 బిట్ల టి.డి.సి.-316 వచ్చినది.

ఒక్క చిప్‌లో ఇమిడిన ప్రాసెసరు 1969 నాటికి ఇంకను పుట్టలేదు. అనేక పలకలపై అమర్చిన భాగములు, వానిని కలుపు అతుకులు, తీగలు అన్నియు కలిసియే ప్రాసెసరు. ఇట్టి యంత్రమునకు నమ్మకము చేకూర్చుట ఎంత కష్టమో విద్యార్థులు ఒక చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. ఒక భాగము చెడకుండ పనిచేయు అవకాశము నూటికి 99.9 అనుకొందము. మంచిదే గదా! కాని అట్టి భాగములు 1,000 ఉండి, ఒక్కటి చెడినను యంత్రము ఆగిపోవునట్లయినచో, మొత్తము యంత్రము చెడకుండు అవకాశము 0.999ను వేయిమార్లు హెచ్చించగా వచ్చు విలువ. అది సుమారు 0.37; అనగా నూటికి 37 మాత్రమే. భాగములు, అతుకులు తగ్గినకొలది నమ్మకము పెరుగునని దీనివలన తేలుచున్నది.

గోరంత ముక్కలో యంత్రము

ఆ తగ్గింపు 1971 నవంబరులో జరిగినది. జపానుదేశపు బిజికామ్ సంస్థ తన లెక్కల యంత్రమునకు చిప్‌లు కావలెనని అమెరికాలోని ఇంటెల్ సంస్థను కోరగా, అచ్చటి టెడ్ హాఫ్, స్టాన్లీ మేజర్, ఫెడరికో ఫాజిన్, బిజికామ్ తరపున వచ్చిన మసతోషి షిమా కలిసి 4004 అను చిప్‌ను రూపొందించిరి. 2,300 ట్రాన్సిస్టర్లు ఒక్క సిలికాన్ ముక్కపై ఇమిడినవి. ఒకదానితో ఒకటి అతుకవలసిన పని లేకపోవుటచే నమ్మకము పెరిగినది. దీనికే మైక్రోప్రాసెసరు అని పేరు. మన ఇ.సి.ఐ.ఎల్. కూడ 1978లో మైక్రోప్రాసెసరుతో పనిచేయు మైక్రో-78ను తెచ్చినది.

కాని వెల యెక్కువ. 1974లో వచ్చిన ఇంటెల్ 8080 చిప్ విడిగా కొన్నచో 360 డాలర్లు. మరుసటి సంవత్సరము సెప్టెంబరులో శాన్ ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో మాస్ టెక్నాలజీ అను చిన్న సంస్థ 6502 అను చిప్‌ను 25 డాలర్లకే అమ్మజూపినది. ఇంత చవుకగా ఎట్లు ఇచ్చుచున్నారని కొందరు సందేహించిరి. చవుక వస్తువు నాసిరకమనుకొనుట లోకసహజము. కాని ఇచ్చట చవుకదనమునకు శాస్త్రీయకారణము కలదు.

చిప్‌లను ఒక్కొక్కటిగా చేయరు. గుండ్రని సిలికాన్ పలకపై వందలకొలది చిప్‌లను ఒకేసారి ముద్రించి, పిమ్మట కోయుదురు. పలక ఖర్చు దాదాపు ఒక్కటే. దానినుండి ఎన్ని మంచి చిప్‌లు వచ్చునన్నదానిపై వెల ఆధారపడును. ఒక పలకలో 100 చిప్‌లుండి 10 మాత్రమే మంచివైనచో ఖర్చంతయు ఆ పదియే మోయవలెను. 70 మంచివైనచో ఒక్కొక్కదాని ఖర్చు ఏడవవంతుకు దిగును. ఛక్ పెడిల్ మరియు ఆయన సహచరులు అవసరము లేని అమరికలను తొలగించి చిప్‌ను చిన్నది చేసిరి. ముద్రణకు వాడు ముసుగులోని లోపములను సరిదిద్దు పద్ధతిని ప్రవేశపెట్టిరి. అందుచే మంచి చిప్‌ల సంఖ్య పెరిగినది. త్వరలోనే ఇతర సంస్థలు తమ వెలలను సుమారు 70 డాలర్లకు దించవలసి వచ్చినది.

ఈ 6502 మన పాఠశాలలకు కూడ వచ్చినది. 1984-85లో భారతప్రభుత్వము క్లాస్ అను పథకము క్రింద ఉన్నతపాఠశాలలకు కంప్యూటరు విద్యను పరిచయము చేసినపుడు, సుమారు 250 పాఠశాలలలో మొదటగా వాడినవి బి.బి.సి. మైక్రో కంప్యూటర్లు. వానిలోని ప్రాసెసరు 6502 జాతిదే. ఆనాటికే దానికంటె శక్తిమంతములైన చిప్‌లు ఉన్నవి. అయినను పిల్లలకు బేసిక్ భాష నేర్పుటకు, చిత్రములు గీయించుటకు అది చాలినది. ఇచ్చట మనకు మొదటి సూత్రము లభించుచున్నది: ప్రాసెసరు మంచిదా కాదా అనునది పనినిబట్టి తేలవలెను.

బి.బి.సి. మైక్రోను తయారుచేసిన ఏకార్న్ సంస్థలోనే సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అనువారు కొద్దిపాటి ఆజ్ఞలతో, కొద్ది విద్యుత్తుతో పనిచేయు ఆర్మ్ ప్రాసెసరును రూపొందించిరి. మొదటి ఆర్మ్ చిప్ 1985 ఏప్రిల్‌లో పనిచేసినది. నేడు మన చేతిఫోనులన్నిటిలోను దాని సంతతియే దాదాపుగా వాడబడుచున్నది.

ఇద్దరు తయారీదారులు ఏల?

1981 ఆగస్టు 12న ఐ.బి.యం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినది. దానిలోని ప్రాసెసరు ఇంటెల్ 8088. అప్పటికి లభించువానిలో అదియే శ్రేష్ఠమైనది కాదు. ఇంటెల్ వారి 8086 చిప్ లోపల, వెలుపల 16 బిట్లతో పనిచేయును. 8088 లోపల 16 బిట్లతో పనిచేసినను వెలుపలికి ఒక్కసారి 8 బిట్లనే పంపును. ఆ కారణముచే దానిచుట్టు అమర్చు ఇతర చిప్‌లు చవుకగా, సులభముగా దొరకెడివి. ప్రాసెసరు వెల మాత్రమేగాక, దానితో కలిసి పనిచేయు సామగ్రి వెలను కూడ లెక్కించుట ఈ ఎంపికలోని తెలివి. నేటికిని ప్రాసెసరు చవుకైనదని కొని, దానికి సరిపడు మదర్‌బోర్డు, మెమరీ వెల చూచి నివ్వెరపోవువారు కలరు.

ఐ.బి.యం. మరియొక నియమము కూడ పెట్టినది. ఒకే కర్మాగారముపై ఆధారపడిన, అచ్చట ఏ అవాంతరము వచ్చినను తన వ్యాపారము ఆగిపోవును. కావున అదే చిప్‌ను రెండవ సంస్థ కూడ తయారుచేయవలెనని కోరినది. ఆ ప్రకారము 1982లో ఇంటెల్, ఏ.ఎమ్.డి. సంస్థల నడుమ ఒప్పందము కుదిరినది. తరువాతి కాలమున ఆ స్నేహము చెడి, వ్యాజ్యములకు దారితీసినది. అయినను కొనువారికి మేలే జరిగినది. ఇంటెల్ 386 చిప్ వేగము 33 మెగాహెర్ట్జ్ వద్ద నిలిచియుండగా, 1991లో ఏ.ఎమ్.డి. 40 మెగాహెర్ట్జ్ చిప్‌ను తక్కువ వెలకు తెచ్చినది. నాటినుండి నేటివరకు ఒకరు అలసినపుడు మరియొకరు ముందుకు వచ్చుచునేయున్నారు. ఈ రెండు సంస్థలకును నేడు హైదరాబాదున రూపకల్పన కేంద్రములు కలవు. కావున "మా యింట ఎప్పుడును ఆ పేరే" అను పట్టుదల కొనువానికి నష్టము. వెలలను పోల్చు దినమున ఏది పనికి తగినదో అదియే మనది.

తప్పిన భాగహారము

వేగము, వెల అటుండనిండు. ప్రాసెసరు లెక్క తప్పునా? తప్పిన చరిత్ర కలదు.

1993లో వచ్చిన ఇంటెల్ పెంటియం చిప్‌లో 31 లక్షల ట్రాన్సిస్టర్లు కలవు. భాగహారమును త్వరగా చేయుటకై దానిలో ఒక సంఖ్యాపట్టికను అమర్చిరి. ఆ పట్టికలో ఉండవలసిన సంఖ్యలు కొన్ని పొరపాటున ఖాళీగా మిగిలిపోయినవి. వానిలో ఐదు ఖాళీలు లెక్కలను తప్పించినవి. అమెరికాలోని లించ్‌బర్గ్ కళాశాల గణితాచార్యుడు థామస్ నైస్లీ 11, 13 వంటి కవల ప్రధానసంఖ్యలపై పరిశోధన చేయుచు 1994 జూన్‌లో తన లెక్కలలో తేడాను గమనించెను. తన ప్రోగ్రామును, యంత్రములోని ఇతర భాగములను ఒక్కొక్కటిగా పరీక్షించి, దోషము ప్రాసెసరులోనే ఉన్నదని నిర్ధారించుకొని, అక్టోబరు 30న ఆ సంగతిని తోటి శాస్త్రజ్ఞులకు తెలియజేసెను.

విద్యార్థులు ఈ లెక్కను కాగితముపై చేసి చూడవచ్చును: 4195835ను 3145727చే భాగించినచో 1.33382... రావలెను. ఆ పెంటియం 1.33373... అని చెప్పెడిది. వచ్చిన ఫలమును మరల 3145727చే హెచ్చించి, 4195835నుండి తీసివేసినచో సున్నకు బదులు 256 మిగిలెడిది!

లోపమును ఇంటెల్ అప్పటికే ఎరిగియుండెను. సాధారణముగ వాడువానికి ఇట్టి తప్పు 27,000 సంవత్సరములకొకసారి మాత్రమే వచ్చునని ఆ సంస్థ వాదించినది. 24 దినములకొకసారి రావచ్చునని ఐ.బి.యం. లెక్కగట్టి, ఆ యంత్రముల అమ్మకమును నిలిపివేసినది. ఎవరి లెక్క సరియైనదన్నదానికంటె, తన యంత్రము తప్పు చెప్పుచున్నదని తెలిసిన వాని మనస్సు ఎట్లుండునన్నది ముఖ్యము. చివరకు డిసెంబరు 20న అడిగిన ప్రతివానికి చిప్‌ను ఉచితముగా మార్చి ఇచ్చెదమని ఇంటెల్ ప్రకటించినది. అందుకై 47.5 కోట్ల డాలర్ల వ్యయమును లెక్కలో చూపవలసి వచ్చినది.

దీనినుండి గ్రహింపవలసినది ఏమి? దోషము లేని యంత్రమును ఎవరును వాగ్దానము చేయలేరు. దోషము బయటపడినపుడు తయారీదారు ఏమి చేయుననునది పూచీ పత్రములో ఉండును. నమ్మకము అనుమాటకు కొనువాని భాషలో అర్థమదియే.

పెట్టెపై అంకె

ప్రాసెసరు లోపలి గడియారము క్షణమునకు ఎన్ని మార్లు కొట్టుననుటను మెగాహెర్ట్జ్, గిగాహెర్ట్జ్‌లలో చెప్పుదురు. చాలకాలము అమ్మువారును కొనువారును దీనినే కొలబద్దగా ఎంచిరి. ఇది ఎంత మోసకరమో రెండు ఉదాహరణములు చాలును.

1998 ఏప్రిల్‌లో ఇంటెల్ తక్కువ వెలకు 266 మెగాహెర్ట్జ్ సెలెరాన్ చిప్‌ను అమ్మినది. వెల తగ్గించుటకై దానిలో రెండవ అంచె క్యాష్‌ను తీసివేసిరి. క్యాష్ అనగా ప్రాసెసరు చేతికందునంత దగ్గరలోనుండు చిన్న మెమరీ. ఉపాధ్యాయుడు తరచు కావలసిన పుస్తకములను బల్లపై ఉంచుకొనును. బల్ల లేనిచో ప్రతిసారి గ్రంథాలయమునకు నడువవలెను. ఆ సెలెరాన్ స్థితి యట్టిదే. గడియారము వేగముగా కొట్టినను పని సాగలేదు. అదే సంవత్సరము ఆగస్టులో 128 కిలోబైట్ల క్యాష్‌తో వచ్చిన సెలెరాన్ 300ఏ మాత్రము చవుకవెలకు గొప్ప పనితనము చూపి ప్రసిద్ధికెక్కినది. పేరు ఒక్కటే, అంకెలో తేడా స్వల్పమే. లోపలి నిర్మాణము వేరు.

2000 నవంబరులో వచ్చిన పెంటియం 4 తొలి చిప్‌ల గడియారము 1.4, 1.5 గిగాహెర్ట్జ్. కాని ఒక్కొక్క కొట్టుకు అది చేయు పని దాని ముందటి పెంటియం 3 కంటె తక్కువ. పనితనము = కొట్టుల సంఖ్య × ఒక్కొక్క కొట్టుకు జరుగు పని. ఈ రెండవ రాశిని పెట్టెపై ఎవరును ముద్రింపరు. కొట్టుల సంఖ్యను పెంచుకొనుచు పోవగా వేడి భరింపరానిదయ్యెను. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను తెచ్చెదమనిన మాటను ఇంటెల్ 2004లో విరమించుకొనెను. మరుసటి సంవత్సరమునుండి ఒకే చిప్‌లో రెండు ప్రాసెసర్లను అమర్చు పద్ధతి సామాన్యుల కంప్యూటర్లకు వచ్చినది. వీనినే కోర్లు అందుము.

వేడి – మన వేసవి

మా ప్రయోగశాలలో జరిగినదేమో ఇప్పుడు పాఠకులు ఊహింపగలరు. ప్రాసెసరు మ్రింగు విద్యుత్తంతయు వేడిగా మారును. ఆ వేడిని గాలిలోనికి పంపు పంకా అమరికకు ఒక ఉష్ణనిరోధము ఉండును. అది వాట్‌కు 0.5 డిగ్రీ అనుకొందము. 65 వాట్ల ప్రాసెసరు గదికంటె 32.5 డిగ్రీలు అధికముగా వేడెక్కును. గది 25 డిగ్రీలైనచో చిప్ 57.5 డిగ్రీలు, వేసవిలో గది 42 డిగ్రీలైనచో 74.5 డిగ్రీలు. ఇంతవరకు భయము లేదు. అదే పంకాపై 125 వాట్ల ప్రాసెసరును ఉంచినచో పెరుగుదల 62.5 డిగ్రీలు, సికిందరాబాదు వేసవిలో చిప్ 104.5 డిగ్రీలకు చేరవలెను. అంతకు చేరకముందే అది తన వేగమును తానే తగ్గించుకొనును, లేదా ఆగిపోవును. మేము అధికమూల్యముతో కొన్న వేగము మాకు దక్కలేదు. పంకాలో పేరుకొన్న దుమ్ము ఆ నిరోధమును మరింత పెంచినది.

విద్యుత్తు బిల్లును కూడ లెక్కింపవలెను. ఒక్కొక్క యంత్రమున 60 వాట్ల తేడా. దినమునకు 6 గంటలు, ఏటికి 200 దినములు నిండుపనిలో ఉన్నచో 72 యూనిట్లు. ఇరువది యంత్రములకు 1,440 యూనిట్లు. ప్రాసెసరు ఎల్లవేళల నిండుపనిలో ఉండదు కావున నిజమైన తేడా ఇంతకంటె తక్కువయే. అయినను అది ప్రతియేటా చెల్లింపవలసినదే.

వేగముకై అధిక విద్యుత్పీడనమును వాడిన కలుగు హాని ఇటీవల లోకమునకు మరల తెలిసివచ్చినది. ఇంటెల్ వారి 13, 14 తరముల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని కొంతకాలము వాడిన పిదప అకారణముగా తడబడుచున్నవని ఫిర్యాదులు వచ్చెను. చిప్ అవసరమునకు మించిన వోల్టేజిని కోరుచున్నదని, అందుచే లోపలి వలయములు క్షీణించుచున్నవని 2024లో ఆ సంస్థ తెలిపి, సవరణను విడుదల చేసినది. పూచీని మరి 2 సంవత్సరములు పొడిగించినది. ఆ సవరణ మున్ముందు హానిని నివారించును గాని, అప్పటికే చెడిన చిప్‌ను బాగుచేయలేదు. దెబ్బతినిన వారికి అక్కరకు వచ్చినది మరల పూచీయే.

అత్యంత నమ్మకము కావలసిన చోట నిపుణులు ఏమి చేయుదురో చూడుడు. మన ఇస్రో, చండీగఢ్ చెంత మొహాలీలోని సెమీకండక్టరు ప్రయోగశాల కలిసి రాకెట్లకై రూపొందించిన విక్రమ్ 3201 ప్రాసెసరు 2025లో వెలువడినది. అది 180 నానోమీటర్ల పద్ధతిలో తయారైనది. ఫోను చిప్‌లతో పోల్చిన అది చాల పాత పద్ధతి. అయినను సున్నకు దిగువ 55 డిగ్రీలనుండి 125 డిగ్రీల వేడివరకు అది తొణకక పనిచేయవలెను. క్రొత్తదనమును గాక పనిని దృష్టిలో నుంచుకొని చేసిన ఎంపిక ఇది.

అడుగవలసిన ప్రశ్నలు

ఈ చరిత్రనంతయు క్రోడీకరించినచో కొనువాడు అంగడిలో అడుగవలసినవి ఐదు ప్రశ్నలు. ఒకటి: ఈ యంత్రముతో చేయు పని యేమి? వ్రాత, లెక్కలు, ప్రోగ్రాములు నేర్చుకొనుట, పాఠముల వీడియోలు చూచుట మాత్రమే అయినచో మధ్యతరగతి లేదా అంతకు దిగువ శ్రేణి ప్రాసెసరు చాలును. రెండు: మదర్‌బోర్డు, మెమరీ, పంకా, పవర్ సప్లైలతో కలిపి మొత్తము వెల యెంత? మూడు: ఎన్ని వాట్లు? మన వేసవికి ఆ పంకా సరిపోవునా? నాలుగు: మన పనివంటి పనిలో దీనిని స్వతంత్రముగా పరీక్షించినవారి ఫలితములేవి? ఐదు: పూచీ ఎవరిది, ఎన్ని సంవత్సరములు? తయారీదారు పెట్టెలో వచ్చు ప్రాసెసరుకు సాధారణముగ 3 సంవత్సరముల పూచీ ఉండును. పెట్టె లేక విడిగా అమ్ము ట్రే సరుకు కొంచెము చవుక. కాని దానికి అమ్మినవాని మాటయే పూచీ. పెట్టెపై సంఖ్యను, బిల్లును దాచుకొనవలెను.

క్రిందటి పర్యాయము మా కళాశాలకు యంత్రములు కొన్నపుడు ఈ ఐదు ప్రశ్నలను కాగితముపై వ్రాసికొని విద్యార్థులను వెంటబెట్టుకొని వెళ్లితిని. 65 వాట్ల మధ్యశ్రేణి ప్రాసెసరును ఎంచుకొంటిమి. మిగిలిన సొమ్ముతో మెమరీ రెట్టింపైనది. నెలకొకసారి పంకాల దుమ్ము దులుపు పని విద్యార్థులదే. ఆ పిమ్మట వచ్చిన వేసవిలో పాఠము నడుమ ఒక్క యంత్రము కూడ ఆగలేదు.

మీ పాఠశాలలో పాడై మూలబడిన కంప్యూటరు ఉన్నచో, విద్యుత్తు తీగను తొలగించి, ఉపాధ్యాయుని సమక్షమున దాని మూత విప్పి చూడుడు. పంకా క్రింద దాగిన ప్రాసెసరుపై పేరు, సంఖ్య ఉండును. అది ఏ సంవత్సరమున పుట్టినదో, ఎన్ని వాట్లదో, ఏ పనికై కొనబడినదో విచారింపుడు. తరువాతి యంత్రమును కొనుటకు ముందు చేయదగిన మొదటి పని అదియే.